వేళ్ళు మింగిన ఊరు: రాస్ దీవిలో ఒక రోజు

పిల్లలూ, మీ ఇంట్లో ఎర్రరంగు పాత ఇరవై రూపాయల నోటు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చెట్లు, కొండ, వాటి నడుమ సముద్రం కనబడతాయి. అది అండమాన్ దీవుల దృశ్యం. పోర్ట్ బ్లెయిర్ దగ్గరున్న మౌంట్ హారియట్ కొండ మీది నుంచి చూస్తే సముద్రం అలా కనిపిస్తుంది. ఆ రేవు ముఖద్వారంలోనే, నోటు మీద చోటు దొరకని ఒక చిన్న దీవి ఉంది. మన ఊళ్ళలో ఒక మాదిరి చెరువంత ఉంటుందేమో! దాని విస్తీర్ణం చదరపు కిలోమీటరులో మూడో వంతు కూడా లేదు. పాత పేరు రాస్ దీవి. 2018 డిసెంబరు 30 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురంగా మారింది. చరిత్ర చెప్పుకుంటున్నాం కనుక ఈ వ్యాసంలో పాత పేర్లే వాడుకుందాం.

ఒక్క పగటిలో తిరిగి రాగల దీవి ఇది. కాని భూగోళం, వృక్షశాస్త్రం, రసాయనం, వైద్యం, చరిత్ర అన్నీ అక్కడ ఒకేచోట పాఠం చెబుతాయి. పదండి, చూసి వద్దాం.

ఐదు గంటలకే తెల్లవారే చోటు

ముందు మీ అట్లాసు తెరవండి. విశాఖపట్నం నుంచి ఆగ్నేయంగా బంగాళాఖాతం మీద వేలు జరపండి. సుమారు 1200 కిలోమీటర్లు దాటాక ఉత్తర దక్షిణాలుగా సాగిన దీవుల వరుస తగులుతుంది. అవే అండమాన్ దీవులు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి ఓడలు వెళతాయి. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. విమానంలోనైతే రెండు గంటల పైచిలుకు.

అక్కడ దిగగానే మీకు మొదట వింతగా తోచేది తెల్లవారడం. వేసవిలో ఐదు గంటలకే సూర్యుడు పైకి వచ్చేస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటీ దాటగానే చీకటి పడుతుంది. గడియారాలు తప్పా? కాదు. లెక్క చేసి చూద్దాం.

మన దేశమంతటికీ ఒకే గడియారం. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది సుమారు 92¾ డిగ్రీల దగ్గర. తేడా 10¼ డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కనుక 41 నిమిషాలు ముందుగా అక్కడ తెల్లవారుతుంది. కాకినాడ పిల్లలు ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉండగానే పోర్ట్ బ్లెయిర్ పిల్లలు బడికి తయారవుతుంటారన్నమాట. వారిలో తెలుగు పిల్లలు కూడా ఎందరో! 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.

మునిగిన కొండల శిఖరాలు

పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ జెట్టీ దగ్గర మోటారు పడవ ఎక్కితే పదీ పదిహేను నిమిషాల్లో రాస్ దీవి చేరవచ్చు. వెళ్ళేటప్పుడు పడవ అంచు పట్టుకుని నీటి కిందికి ఊహతో చూడండి. అండమాన్ దీవులు నీటి మీద తేలే నేలముక్కలు కావు. మయన్మారులోని అరకాన్ పర్వతాలు దక్షిణంగా సముద్రంలోకి దిగి సాగిపోతున్నాయి. ఆ మునిగిన కొండల శిఖరాలే ఈ దీవులు.

ఈ కొండలు ఎలా పుట్టాయి? మనం నిలబడి ఉన్న భారత ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతున్నది. అండమాన్‌కు పడమటి వైపున అది బర్మా ఫలకం కిందికి దూరిపోతున్నది. దూరేటప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న ఇసుక, ఒండ్రు ఒరుసుకుని పైకి లేచి మడతలు పడతాయి. తడి నేల మీద పార పెట్టి తోసి చూడండి. పార ముందు మట్టి ముద్దలా పోగవుతుంది కదా, అటువంటిదే. అందుకే దక్షిణ అండమాన్ తూర్పు తీరాన ఇసుకరాయి, షేల్ పొరలు పుస్తకం పుటల్లా వాలి కనబడతాయి. అవి కోట్ల సంవత్సరాల కిందట సముద్రపు అడుగున పరచుకున్న పొరలు.

దిగువకు పోయిన ఫలకం వల్ల లోతున శిల కరిగి పైకి తన్నుకు వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరాన ఉన్న బారెన్ దీవి అలా పుట్టిన అగ్నిపర్వతమే. మన దేశంలో సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ మేల్కొన్నది. నేల కదిలే చోట కొండలు, నిప్పు, భూకంపాలు మూడూ ఇరుగుపొరుగువే. ఈ మాట గుర్తుంచుకోండి, చివర మళ్ళీ పని పడుతుంది.

ఏ రాస్?

రాస్ అనగానే మీలో చాలామందికి సర్ రోనాల్డ్ రాస్ గుర్తుకు వస్తాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన వైద్యుడాయన. కాని ఈ దీవి పేరు ఆయనది కాదు. సముద్ర సర్వే చేసిన డేనియల్ రాస్ అనే అధికారి పేరు ఇది. అయినా ఈ దీవి కథలో మలేరియాకు పెద్ద పాత్రే ఉంది.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి ఈ రేవులో మొదటి వలస ఊరు కట్టించాడు. రేవుకు ఆయన పేరే మిగిలింది. ఆ ఊరిని 1792లో ఉత్తర అండమాన్‌కు మార్చారు. అక్కడ జ్వరాలు పట్టి జనం రాలిపోవడంతో 1796లో అంతా వదిలేసి వెళ్ళిపోయారు. అప్పటి వైద్యులు చిత్తడి నేలల నుంచి వచ్చే చెడుగాలే జ్వరానికి కారణమని నమ్మేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి! సముద్రపు గాలి బాగా తగిలే చోటు ఆరోగ్యమని అందుకే అనుకునేవారు. గాలి వీచే చోట, చిత్తడి లేని చోట నిజంగానే జ్వరాలు తక్కువే. కాని కారణం గాలి కాదు, దోమ. అండమాన్‌లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ సుందైకస్ దోమ ఉప్పు కలిసిన నీటిగుంటల్లో పెరుగుతుంది. గుంటలు లేకపోతే దోమ లేదు, దోమ లేకపోతే జ్వరం లేదు. ఆ సంగతి తేలడానికి బ్లెయిర్ తరువాత నూరేళ్ళు పట్టింది. మంచి ఫలితం వచ్చినంత మాత్రాన మనం చెప్పుకున్న కారణం నిజమైనట్లు కాదు. విజ్ఞాన విద్యార్థులు మరవకూడని సంగతి ఇది.

ద్వీపాంతరం

ఇప్పుడు పడవ దీవిని చేరింది. జెట్టీ దిగి నడవండి. దారికి ఇరుపక్కలా కొబ్బరిచెట్ల నీడ. ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. కాని ఈ నేలను మొదట చదును చేసినవారి కాళ్ళకు సంకెళ్ళున్నాయి.

1857 స్వాతంత్ర్య సంగ్రామం అణచివేసిన తరువాత, పట్టుబడినవారిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న ఆంగ్ల ప్రభుత్వానికి వచ్చింది. 1858 మార్చి 10న జేమ్స్ పాటిసన్ వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో ఓడలో ఇక్కడికి వచ్చాడు. మొదట పక్కనున్న చాతం దీవిలో దిగారు. అక్కడ నీళ్ళు చాలక రాస్ దీవికి మారారు. గొడ్డళ్ళతో దట్టమైన అడవిని నరికింది ఆ ఖైదీలే. పారిపోయిన వారికి చుట్టూ సముద్రం, ఎదుట తెలియని అడవి. తిరిగి పట్టుబడినవారిలో ఎనభైమందికి పైగా వాకర్ ఉరి తీయించాడు. ఈ శిక్షనే మన పెద్దలు ద్వీపాంతరం అనేవారు. ఉత్తరాదివారు కాలాపానీ, అంటే నల్లనీళ్ళు, అన్నారు.

దీవి నుంచి పడమటి వైపు చూడండి. నీటికి ఆవల కనిపించేది సెల్యులార్ జైలు. దాన్ని 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ బండిచక్రపు ఆకుల్లా ఏడు భవనాలు. ఒక భవనంలోని గదుల ముఖం పక్క భవనం వీపు వైపు ఉంటుంది. అందుచేత ఒక ఖైదీకి ఇంకొక ఖైదీ ముఖం కనబడదు. అన్నీ ఒంటరి గదులే. ఇప్పుడు మూడు భవనాలే మిగిలాయి.

మనవారు కూడా అక్కడ శిక్ష అనుభవించారు. 1922-24 నాటి రంప పితూరీలో అల్లూరి సీతారామరాజుకు అండగా నిలిచిన మన్యం వీరులను అండమాన్‌కు పంపారు. అలా వెళ్ళి బతికి తిరిగి వచ్చినవారిలో గాం మల్లుదొర ఒకరు. స్వాతంత్ర్యం తరువాత ఆయన లోక్‌సభ సభ్యులయ్యారు.

చిన్న దీవి, పెద్ద దర్జా

ఖైదీలు అటువైపు, అధికారులు ఇటువైపు. ఎనభై ఏళ్ళకు పైగా రాస్ దీవే అండమాన్ పాలనకు ముఖ్యస్థానం. ఛీఫ్ కమిషనర్ బంగళా, రాతి చర్చి, ఆసుపత్రి, అచ్చుయంత్రం, రొట్టెల బట్టీ, బజారు, టెన్నిసు కోర్టు, ఈత కొలను, నాట్యశాల, కరెంటు కోసం జనరేటరు గది, ఇవన్నీ ఆ గుప్పెడు నేల మీదే ఉండేవి. వీటి శిథిలాలన్నీ నేటికీ చూడవచ్చు. ఒక్కొక్క గోడ దగ్గర పేరు రాసిన బోర్డు ఉంటుంది.

చుట్టూ ఉప్పునీరే ఉన్న చోట ఇంతమంది తాగే నీరెక్కడిది? ఒక లెక్క చేద్దాం. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3 మీటర్ల వాన కురుస్తుంది. దీవి విస్తీర్ణం 0.3 చదరపు కిలోమీటర్లు, అంటే 3 లక్షల చదరపు మీటర్లు అనుకుందాం. గుణించండి: 9 లక్షల ఘనపు మీటర్లు, అనగా 90 కోట్ల లీటర్లు! కాని వాలు నేల కనుక అందులో ఎక్కువ భాగం సముద్రంలోకి జారిపోతుంది. ఆపుకున్నంతే మనది. అందుకే దీవి మీద నీటి గుంట, నీరు శుద్ధిచేసే కర్మాగారపు శిథిలాలు కనిపిస్తాయి.

బావి తవ్వితే? అక్కడే చిక్కుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. దీవుల అడుగున, సముద్రతీరపు ఇసుక నేలల అడుగున మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. రెంటి సాంద్రతల లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల మంచినీరు ఉంటుంది. వినడానికి బాగుంది. తిరగవేసి చూడండి: మనం తోడి ఆ మట్టాన్ని 1 మీటరు తగ్గిస్తే, కిందనుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది. కోనసీమలో, కృష్ణా తీరంలో ఎడాపెడా బోర్లు వేసి మోటార్లతో తోడిన చోట్ల నీళ్ళు ఉప్పనయ్యాయని మీరు వినే ఉంటారు. ఆ రహస్యం ఇదే.

తట్టు తెచ్చిన చావు

ఇప్పుడు చెప్పబోయేది దీవి మీద బోర్డు పెట్టి చూపించేంత పెద్ద శిథిలం కాదు. కాని అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ఆంగ్లేయులు రాకముందు ఈ దీవులు ఖాళీగా లేవు. గ్రేట్ అండమానీలు, జారవాలు, ఓంగేలు, సెంటినలీలు వేల ఏళ్ళుగా వేటతో, చేపలతో, తేనెతో బతుకుతున్నారు. తమ అడవి నరుకుతున్నవారిని గ్రేట్ అండమానీలు ఎదిరించారు. 1859 మే 17న అబర్డీన్ దగ్గర విల్లంబులతో తుపాకుల మీదికి వెళ్ళారు. ఓడిపోయారు. 1863లో ఆంగ్లేయులు రాస్ దీవి మీద అండమాన్ హోమ్ అనే వసతి పెట్టి, వారిని తెచ్చి నాగరికత నేర్పుతామన్నారు. తిండి, బట్టలు ఇచ్చారు. వాటితోపాటు తెలియకుండానే రోగాలు కూడా ఇచ్చారు.

1877లో తట్టు సోకింది. కొన్ని జిల్లాల్లో దీన్నే పొంగు అంటారు. మన తాతముత్తాతల కాలం నుంచి తట్టు మన మధ్య ఉంది. చిన్నతనంలో వచ్చి తగ్గినవారికి మళ్ళీ రాదు. ఊళ్ళో పెద్దలందరికీ ఆ రక్షణ ఉంటుంది కనుక రోగం ఒకేసారి అందరినీ పడగొట్టదు. కాని వేల ఏళ్ళు వేరుగా బతికిన అండమానీలలో ఏ ఒక్కరికీ ఆ రక్షణ లేదు. పిల్లలు, పెద్దలు, సేవ చేయవలసినవారు, వేటాడవలసినవారు ఒక్కసారిగా మంచాన పడ్డారు. నీళ్ళిచ్చే దిక్కు లేక కూడా ఎందరో పోయారు. 1858లో కొన్ని వేలమంది ఉండిన గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కలకు 625 మంది. 1961 నాటికి 19 మంది. ఈనాడు కొద్ది పదులమందే ఉన్నారు. మనుషులతోపాటు వారి భాషలు పోయాయి. ఏ చెట్టు ఆకు ఏ నొప్పికి పనికివస్తుందో తెలిసిన జ్ఞానం పోయింది.

జారవాలు, సెంటినలీలు ఉన్నచోటికి బయటివారు పోకూడదని చట్టం ఎందుకు చేశారో ఇప్పుడు అర్థమైందా? మనం తుమ్మే ఒక్క తుమ్ము వారికి తుపాకిగుండు కంటే ప్రమాదం కావచ్చు. ఫొటో తీసుకోవాలన్న సరదా కంటే ఒక జాతి బతకడం ముఖ్యం.

వేరు బలమా, గోడ బలమా?

ఇక దీవిలో అందరూ ఆగి నోరు తెరిచి చూసే దృశ్యం. గోడలున్నాయి, కప్పులు లేవు. గోడల మీద వేళ్ళున్నాయి. తాళ్ళలా, పాముల్లా, కరిగి జారిన మైనంలా ఇటుకల మీదుగా దిగి, కిటికీల్లోంచి దూరి, గుమ్మాలను కౌగిలించుకున్నాయి. కొన్నిచోట్ల ఇటుక రాలిపోయింది, వేరు మాత్రం గోడ ఆకారంలోనే నిలబడి ఉంది.

ఇవి మర్రి, రావి, జువ్వి కుటుంబపు చెట్లు. మన పాత గుడిగోపురం మీదా, పాడుబడిన బావి ఒరలోనూ రావిమొక్క మొలవడం మీరు చూసే ఉంటారు. అక్కడికి దాన్ని ఎవరు తీసుకువెళ్ళారు? పక్షులు. పండు తిన్న పక్షి రెట్టలో గింజ బయటికి వస్తుంది. గోడ పగుల్లో చిటికెడు దుమ్ము, కాస్త తేమ దొరికితే చాలు, మొలకెత్తుతుంది. ఆపైన వేరు నేలను వెతుక్కుంటూ గోడవెంట కిందికి దిగుతుంది. నేల తగిలి నీరు దొరికిన రోజు నుంచి దాని పెరుగుదల వేగం మారిపోతుంది.

మెత్తని వేరు ఇటుక గోడను ఎలా చీలుస్తుంది? రెండు పద్ధతులున్నాయి. మొదటిది బలం. వేరుకొన సన్నగా ఉండి వెంట్రుకవాసి సందులోకి దూరుతుంది. తరువాత కేంబియం అనే కణాల పొర వల్ల వేరు లావెక్కుతుంది. కణాల్లోకి నీరు చేరి ఉబ్బేటప్పుడు కలిగే పీడనం మన సైకిలు ట్యూబులో గాలి పీడనం కంటే ఎక్కువే. అది రోజూ, రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. రెండోది రసాయనం. ఆనాటి గోడలకు వాడింది గానుగ సున్నం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. కాని కాల్షియం కార్బొనేటు ఆమ్లాలకు లొంగుతుంది. వేళ్ళు విడిచే బలహీనమైన ఆమ్లాలు, వాననీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు కలిసి గచ్చును కొద్దికొద్దిగా తినివేస్తాయి. తేమ, వేడి ఏడాది పొడుగునా ఉండే ఉష్ణమండలంలో ఈ పని మరింత చురుకుగా సాగుతుంది.

అయితే ఇప్పుడు ఆ వేళ్ళు నరికివేస్తే గోడలు నిలుస్తాయా? నిలవవు! గచ్చు పోయిన గోడను ఇప్పుడు పట్టి ఉంచుతున్నవి ఆ వేళ్ళే. పగలగొట్టినదే పట్టి నిలుపుతున్నది. పురాతన కట్టడాలను కాపాడేవారికి ఇది పెద్ద సమస్య. అందుకే మీ ఊరి గోపురం మీద రావిమొక్క వేలెడంత ఉన్నప్పుడే తీయించాలి.

అందమైన జింకలు, మొలవని చెట్లు

నడుస్తుంటే చుక్కల దుప్పులు మీ పక్కకే వస్తాయి. నెమళ్ళు కూడా తిరుగుతుంటాయి. చూడముచ్చటగా ఉంటాయి. కాని దుప్పులు ఈ దీవులవి కావు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఆంగ్ల అధికారులు వేట సరదాకు ప్రధానభూమి నుంచి తెచ్చి వదిలారు. మన నల్లమలలో దుప్పిని తినే పెద్దపులి, చిరుత ఉన్నాయి. అండమాన్‌లో అవి లేవు. దుప్పులు బాగా ఈదగలవు కూడా. ఒక దీవి నుంచి ఇంకొక దీవికి చేరి సంతతిని పెంచుకున్నాయి. అవి లేత మొక్కలను మేసేయడంతో చాలాచోట్ల అడవిలో పెద్దచెట్లే కనిపిస్తాయి, పిల్లచెట్లు కనబడవు. ఇప్పుడున్న పెద్దచెట్లు ముసలివై పడిపోతే వాటి చోట నిలిచేదెవరు? ఆహారపు గొలుసులో ఒక కొస తెగితే ఏమవుతుందో పుస్తకంలో చదివారు. ఇక్కడ కంటితో చూడవచ్చు. దుప్పి తప్పేమీ లేదు. తెచ్చి వదిలినవారు ముందు ఆలోచించలేదు, అంతే.

నేల కదిలిన మూడు రోజులు

ఇంత దర్జాగా ఉన్న ఊరు ఎందుకు పాడుపడింది? ఒక్క వేళ్ళ వల్లనే కాదు. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది. దాని పరిమాణం సుమారు 7.7. భవనాలు బీటలు వారాయి. పాలనను పోర్ట్ బ్లెయిర్‌కు మార్చారు. మరుసటి ఏడు, 1942 మార్చి 23న, జపాను సేనలు దీవులను ఆక్రమించాయి. వారి బంకర్లు కూడా దీవి మీద చూడవచ్చు. 1943 డిసెంబరు 29న నేతాజీ వచ్చి, మర్నాడు పోర్ట్ బ్లెయిర్‌లో మువ్వన్నెల జెండా ఎగురవేశారు. దీవి కొత్తపేరు ఆ జ్ఞాపకంగా పెట్టినదే. 1945లో జపాను వారు వెళ్ళిపోయాక రాస్ దీవిలో ఊరు మళ్ళీ లేవలేదు. అడవి తన చోటు తాను తీసుకుంది. 1979లో నౌకాదళం దీవిని తన సంరక్షణలోకి తీసుకున్నది.

అంతకు ముందొక భూకంపం ఉంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర సముద్రపు అడుగున నేల కదిలింది. అప్పటికే బంగాళాఖాతం చుట్టూ రేవుల్లో ఆటుపోట్లను గుర్తించే యంత్రాలు పెట్టి ఉన్నాయి. ఆ యంత్రం ఎంతో సులువైనది. సముద్రానికి సన్నని దారి ఉన్న బావిలో ఒక తేలే బుడ్డి. బుడ్డికి కట్టిన తీగ ఒక కలాన్ని కదుపుతుంది. కలం కింద గడియారంతో తిరిగే కాగితపు చుట్ట. నీరు పెరిగితే గీత పైకి, తగ్గితే కిందికి. ఆ రోజున ఎనిమిది రేవుల్లో గీతలు వింతగా వణికాయి. పోర్ట్ బ్లెయిర్, చెన్నై, మన విశాఖపట్నం వాటిలో ఉన్నాయి. అలల ఎత్తు మీటరు లోపే కనుక పెద్ద నష్టం జరగలేదు. కాని బంగాళాఖాతంలో సునామీ రాగలదు అన్న సాక్ష్యం కాగితం మీద అప్పుడే పడింది.

జనం దాన్ని మరిచిపోయారు. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర వేళ సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1300 కిలోమీటర్ల పొడవున నేల చీలి కదిలింది. పరిమాణం 9.1 పైమాటే. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. దగ్గరలోని సిప్పీఘాట్ వరిపొలాలు సముద్రం పాలయ్యాయి. ఉత్తర అండమాన్ పడమటి తీరం మాత్రం పైకి లేచి, పగడాల దిబ్బలు ఎండలో పడి చచ్చిపోయాయి. రేవు ముఖాన ఉన్న రాస్ దీవి అలల ధాటిని కొంత తాను కాచుకుందని పోర్ట్ బ్లెయిర్ వాసులు చెప్పుకుంటారు.

సునామీ వేగం లెక్క కట్టడం మీకు కష్టం కాదు. సముద్రపు లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. లోతు 3000 మీటర్లైతే సెకనుకు 171 మీటర్లు, అంటే గంటకు 600 కిలోమీటర్లకు పైన! తీరం దగ్గర లోతు 10 మీటర్లే. అక్కడ వేగం గంటకు సుమారు 36 కిలోమీటర్లు. ముందున్న నీరు నెమ్మదించి, వెనకనున్న నీరు వచ్చి మీద పడటంతో అల ఎత్తు పెరుగుతుంది. ఆ లెక్కన అండమాన్ నుంచి మన తీరానికి రెండు గంటలకు పైనే పట్టాలి. అంత వ్యవధి ఉన్నా చెప్పే ఏర్పాటు లేదు. ఆంధ్రతీరంలో ఆ ఉదయం నూరుమందికి పైగా చనిపోయారు. లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు మాత్రం నేల ఊగి సముద్రం వెనక్కి పోవడం చూసి ఎత్తుకు పరుగెత్తి బతికారు. వారి పెద్దలు చెప్పిన మాట వారికి గుర్తుంది. మన దగ్గర కాగితం ఉంది, కాని గుర్తు లేదు.

ఇప్పుడా లోటు తీరింది. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పగలూ రాత్రీ పనిచేస్తున్నది. సముద్రపు అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలు, తీరాన ఆటుపోట్ల యంత్రాలు పంపే సమాచారంతో కొద్ది నిమిషాల్లోనే హెచ్చరిక పంపగలదు. కాని దగ్గరి దీవుల వారికి ఆ నిమిషాలు కూడా చాలకపోవచ్చు. కనుక తీరాన ఉన్న ప్రతి పిల్లా పిల్లవాడూ నేర్చుకోవలసినది ఇంతే: నేల గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, ఎవరి పిలుపు కోసమూ ఆగకుండా ఎత్తుకు వెళ్ళాలి. చేపలు ఏరుకోవడానికి దిగకూడదు.

తిరిగి వచ్చే ముందు

సాయంత్రం లోపలే తిరుగు పడవ ఉంటుంది. దీవి మీద రాత్రి బస లేదు. గోడల మీద పేర్లు చెక్కకండి. దుప్పులకు బిస్కెట్లు పెట్టకండి. తీరాన దొరికే పగడపు ముక్కలు, గవ్వలు ఏరి తేకండి. వాటిని తీసుకురావడం చట్టరీత్యా నేరం కూడా. నౌకాదళం వారి స్మృతిక అనే చిన్న మ్యూజియంలో పాత ఫొటోలున్నాయి. ఫొటోలో నాట్యశాల చూసి, బయటికి వచ్చి అదే గోడ ఇప్పుడెలా ఉందో చూడండి. ఎనభై ఏళ్ళలో ప్రకృతి ఎంత పని చేయగలదో తెలుస్తుంది.

మీరే చేసి చూడండి

1. ఒక కాగితపు కప్పులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోసి, అది గట్టిపడకముందే రాత్రంతా నానబెట్టిన నాలుగైదు చిక్కుడు గింజలను లోపలికి నొక్కండి. పైన తడిగుడ్డ కప్పి రోజూ తడపండి. వారం పది రోజులు గమనించండి. పగులు ఏ రోజు కనిపించిందో రాసి ఉంచండి.

2. గాజు గ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీళ్ళు పోయండి. మంచినీళ్ళలో కాస్త సిరా కలిపి, చెంచా వీపు మీదుగా మెల్లగా దాని పైన పోయండి. రంగునీరు తేలుతుందా, మునుగుతుందా? దీవి అడుగున నీరు ఎలా ఉంటుందో అదే చెబుతుంది.

3. అట్లాసులో మీ ఊరి రేఖాంశం చూడండి. మీ ఊరికీ పోర్ట్ బ్లెయిర్‌కూ తెల్లవారడంలో తేడా ఎన్ని నిమిషాలు?

4. మీ బడి కప్పు 200 చదరపు మీటర్లు, ఏటా 3 మీటర్ల వాన అనుకోండి. ఎన్ని లీటర్ల నీరు పట్టవచ్చు? రోజుకు మనిషికి 40 లీటర్ల చొప్పున ఎంతమందికి ఏడాదంతా సరిపోతుంది? (జవాబు: 6 లక్షల లీటర్లు, సుమారు 41 మందికి.) మీ ఊరి వాన లెక్కతో మళ్ళీ చేసి మీ ఉపాధ్యాయునికి చూపించండి.